కిమ్ము కిమ్మంటలేడు: గట్టు పంచాయితిల పండిపోయినోడి సలహాలు

ముందుగాల నా అర్హత చెప్పాలె. టీవీల కూసొని కింద అంతర్జాతీయ వ్యవహారాల నిపుణుడు అని పేరు వేపిచ్చుకునేటోళ్లకు ఎవ్వరికి గూడ నాకున్నంత అనుభవం లేదు. మా పాలోడితోని నాకు మూడు గుంటల గట్టు పంచాయితి పన్నెండేండ్ల సంది నడుస్తుంది. పద్నాలుగు సార్లు పెద్దమనుషులు కూసున్నరు, మూడు సార్లు సర్వేయర్ వచ్చిండు, ఒకసారి గొలుసు తెచ్చిండు, ఒకసారి మిషిని తెచ్చిండు, ఒకసారి ఉత్త చేతులతోని వచ్చి కోడికూర తిని పోయిండు. హద్దురాయి మాత్రం వాడు పెట్టిన కాన్నే ఉన్నది. కాబట్టి అమెరికా, ఉత్తర కొరియా మల్ల కూసొని మాట్లాడుకుంటయా లేదా అని నల్లగొండ క్లాక్ టవర్ కాడ చాయ్ తాగుకుంట అందరు తలో మాట అంటుంటే, ఇగ నేను నోరు మూసుకుంటే దేశానికే నష్టం అనిపించి రాస్తున్న.

సంగతేందంటే 2025 అక్టోబర్ల ట్రంప్ దక్షిణ కొరియాల గ్యోంగ్జు దాక వచ్చిండు, కిమ్‌ను కలుస్త, ఎప్పుడంటే అప్పుడే అన్నడు. కిమ్ము కిమ్మనలే. అట్లని ఆయనకు కోపమేం లేదు. దానికి ముందు నెలనే వాళ్ల అసెంబ్లీల లేచి ట్రంప్ మీద నాకు మంచి జ్ఞాపకాలే ఉన్నయి అని చెప్పిండు, కాకపోతే బాంబులు తీసెయ్యి అనే ముచ్చట బంద్ చేస్తే మాట్లాడుదాం అన్నడు. దీన్ని పెద్ద పెద్ద పేపర్లు వ్యూహాత్మక సందేశం అని రాసినయి. మా ఊర్లె చిన్న పోరన్ని అడిగినా చెప్తడు, రాయి సంగతి ఎత్తకుంటే రా, కల్లు తాగుదాం అన్నట్టు అని.

ఈ కేసుల అసలు కిటుకు ఎవ్వలు చెప్తలేరు. కిమ్ అడిగేది పైసలు కాదు, బియ్యం కాదు. పట్టా అడుగుతుండు. మన దగ్గర సాదా బైనామా అని ఉంటది గదా, తెల్లకాగితం మీద కొనుక్కొని ఇరవై ఏండ్లు దున్నుకుంటడు, ఊరంతటికి తెలుసు భూమి వానిదే అని, రికార్డుల మాత్రం ఎక్కది, ఆఫీసు మెట్లు అరిగేదాక తిరుగుతడు. కిమ్ బాంబు కూడ గదే కథ. 1985ల వాళ్ల తాత ఉన్నప్పుడు అణ్వస్త్రాలు చెయ్యం అనే ఎన్పీటీ ఒప్పందంల చేరిన్రు, 2003ల బయటికొచ్చిన్రు, 2006 అక్టోబర్ 9 నాడు మొదటిది పేల్చిన్రు, 2017 దాక మొత్తం ఆరు పేల్చిన్రు, 2022ల మేం అణుదేశమే, ఇది ఇగ వాపస్ తీసుకునే ముచ్చట లేదు అని సొంతంగ చట్టం రాసుకున్నరు. అంటే మోకా మీద కబ్జా ఉన్నది, ఇంట్ల కాగితం ఉన్నది, ఇగ కావల్సింది ఎమ్మార్వో సంతకం ఒక్కటే. ట్రంప్ సారేమో నోటితోని వాళ్లు ఒక రకంగ అణుదేశమే అని అనేసిండు. సార్ నోటితోని అన్నడు అంటే మన దగ్గర సగం పని అయినట్టే. మిగిలిన సగానికే పన్నెండేండ్లు పడతది.

ఇంకో సంగతి. కబ్జాల ఉన్నోడు మారడు, ఆఫీసరే మారుతడు. అటు దిక్కు తాత, తండ్రి, కొడుకు, ఒకటే ఇల్లు, ఒకటే ఫైలు. ఇటు దిక్కు నాలుగేండ్లకో ఎనిమిదేండ్లకో ట్రాన్స్‌ఫర్. క్లింటన్ సార్ ఉన్నప్పుడు 1994ల జెనీవాల మంచిగనే రాసుకున్నరు: మీరు బాంబు సరుకు తయారుచేసే యోంగ్‌బ్యోన్‌ల రియాక్టర్ ఆపుండ్రి, మేం కరెంటు కోసం రెండు లైట్ వాటర్ రియాక్టర్లు కట్టిస్తం, అవి అయ్యేదాక ఏడాదికి 5 లక్షల టన్నుల ఫర్నేస్ ఆయిల్ పోస్తం అని. అప్పటికి అటు దిక్కోళ్లు ఒక్క బాంబు గూడ పేల్చలే. 2000ల విదేశాంగ మంత్రి ఆల్‌బ్రైట్ మేడం స్వయంగ ప్యాంగ్యాంగ్ పోయొచ్చింది, క్లింటన్ కూడ పోదామనుకునేలోపు టైం అయిపోయింది, బుష్ సార్ చార్జి తీసుకున్నడు, 2002 జనవరిల వాళ్లను దుష్టకూటమి అన్నడు, అదే ఏడు చివర్ల మీరు చాటున యురేనియం పని చేస్తున్నరు అని ఆయిల్ బంద్. రియాక్టర్లకు 2002ల పునాది కాంక్రీటు పోసిన్రు, 2006ల ప్రాజెక్టే ఎత్తేసిన్రు. శంకుస్థాపన రాళ్ల సంగతి పాలమూరోళ్లకు నేను చెప్పుడేంది, మేనమామ ముందట పుట్టింటి గొప్పలు చెప్పినట్టు ఉంటది.

తర్వాత ఆరు దేశాలు కలిసి కూసున్నయి, 2005 సెప్టెంబర్ల బాంబులు ఇడిచిపెడుతరు అని ఒక కాగితం రాసుకున్నరు. ఇంకా సిరా ఆరకముందే మకావుల ఒక బ్యాంకుల ఉత్తర కొరియోళ్ల పైసలు, సుమారు రెండున్నర కోట్ల డాలర్లు, ఆగిపోయినయి, దాని మీద అలిగిన్రు, ఏడాది దాటంగనే మొదటి బాంబు పేల్చిన్రు. 2008ల నమ్మకం కోసమని యోంగ్‌బ్యోన్ కూలింగ్ టవర్‌ను టీవీలోళ్లను పిలిచి మరీ కూలగొట్టిన్రు. నేను ఆ వీడియో చూసి నవ్విన. మా పాలోడు కూడ ఒకసారి పెద్దమనుషులను పిలిచి, చూడుండ్రి నా దిక్కునుంచి తీస్తున్న అని పడిపోవడానికి సిద్ధంగున్న పాత పశువుల కొట్టం కూలగొట్టిండు. అందరు చప్పట్లు కొట్టిన్రు. రాయి? రాయి కాన్నే ఉన్నది. ఉత్తర కొరియోళ్లు 2009 మేల రెండోది పేల్చిన్రు. ఇగ ఒబామా సార్ టైముల 2012ల ఒక ఒప్పందం అయింది, 2.4 లక్షల టన్నుల తిండి ఇస్తం, పరీక్షలు ఆపుండ్రి అని, అదీ ఫిబ్రవరి 29 నాడు. ముహూర్తం చూసేటోడు ఒక్కడన్న ఉంటే ఒద్దంటుండె. ఏప్రిల్ల ఉపగ్రహం అని రాకెట్ వదిలిన్రు, అది కూలిపోయింది, దాంతోపాటు ఒప్పందం కూడ కూలింది.

కూసునే జాగ గురించి గూడ చెప్పాలె, ఎందుకంటే పంచాయితిల సగం కొట్లాట అక్కడ్నే. కొరియా యుద్ధం ఆపడానికి 1951 జులైల మాట్లాడుడు మొదలుపెడితే సంతకాలు అయ్యేసరికి 1953 జులై 27. అది గూడ యుద్ధ విరమణే, శాంతి ఒప్పందం ఇయ్యాల్టికి లేదు, అంటే డెబ్బయి ఏండ్లు దాటినా స్టే ఆర్డర్ మీదనే నడుస్తుంది. పన్‌మున్‌జోంల నీలం రంగు షెడ్డుల ఒక బల్ల ఉంటది, ఆ బల్ల మీద మైకు వైరే హద్దు, ఇటు ఒక దేశం, అటు ఒక దేశం. ఆ పక్కనే రెండు దిక్కుల రెండు ఊర్లల్ల జెండా కొయ్యలు పోటీ పడి పెంచిన్రు, దక్షిణపోళ్లది వంద మీటర్ల దగ్గర ఉంటే ఉత్తరపోళ్లు 160 మీటర్లది పాతిన్రు. మన సాగర్ డ్యామే 124 మీటర్లు. డ్యామ్ కంటే ఎత్తు జెండా కొయ్య, దేనికి? పక్కోడి కంటికి కనపడాలని.

నవ్వొస్తుంది గదా? జర ఆగుండ్రి. 2023 నవంబర్ల, మనకు ఓట్లు పడే ముందు రాత్రి, అదే సాగర్ కట్ట మీద ఏం జరిగింది? 26 గేట్లు లెక్కబెట్టి, సగం మావి అని 13వ గేటు కాడ ముండ్లకంచె వేసి అటు ఆంధ్రా పోలీసులు, ఇటు తెలంగాణ పోలీసులు నిలబడ్డరు, ఆఖరికి ఢిల్లీ నుంచి సీఆర్పీఎఫ్ వచ్చి నడ్మ నిలబడితే గాని సల్లబడలే. రెండు దిక్కులోళ్లు మాట్లాడేది తెలుగే, తినేది పప్పు, తొక్కే, రెండు దిక్కుల చుట్టరికాలే, ఎవ్వని దగ్గర బాంబు లేదు, నడ్మ ఉన్నవి ఉత్త నీళ్లు. 811 టీఎంసీల కృష్ణ నీళ్లు పంచుకునుడు 2014 సంది ఒడువలే, 2015ల తాత్కాలికం అని రాసుకున్న 512, 299 లెక్కే ఇంకా ఈడ్చుకుంట పోతుంది. అసొంటి మనం సాగర్ కట్ట మీద నిలబడి పల్లీలు తినుకుంట, ఆ కిమ్‌కు జర బుద్ధి ఉంటే అని మాట్లాడుతం.

ట్రంప్ సార్ పాత పద్ధతి కాదన్నడు, నేరుగ పోయిండు. ఏడాది ముందు రాకెట్ మ్యాన్ అని ఈయన, చాదస్తపు ముసలోడు అని ఆయన తిట్టుకున్నోళ్లు 2018 జూన్ 12 నాడు సింగపూర్ల చేతులు కలిపిన్రు. నాలుగు ముక్కల కాగితం. ఖర్చు సింగపూరోళ్లకు 1.63 కోట్ల వాళ్ల డాలర్లు. మన దగ్గరైతే ఇద్దరితోని డిపాజిట్ కట్టిచ్చుకోకుంట పెద్దమనుషులు చాప మీదనే కూసోరు, తప్పు ఎవనిదైతే వాని డిపాజిట్‌ల కెల్లి బోజనాలు. సింగపూరోళ్లకు పంచాయితి చేసుడు రాదు. తర్వాత ఉత్తరాలు వచ్చినయి, మేం ప్రేమల పడ్డం అని ట్రంప్ సభల చెప్పిండు. 2019 ఫిబ్రవరిల హనోయి. కిమ్ రెండున్నర రోజులు రైల్ల పోయిండు, పాలమూరు నుంచి బొంబాయి పనికి పోయేటోళ్లు గూడ అన్ని దినాలు కూసోరు. యోంగ్‌బ్యోన్ ఇస్త, ముఖ్యమైన ఐదు ఆంక్షలు ఎత్తెయ్యి అన్నరట. సాలదు అన్నడు ట్రంప్. మధ్యాహ్నం బోజనానికి బల్లలు సర్ది పెట్టి ఉన్నయి, ఎవ్వలు తినలే, లేచి పోయిన్రు. నాకు ఇప్పటికీ ఆ బల్లల మీదనే పాణం కొట్టుకుంటది. నలభై ఏండ్ల చరిత్రల పంచాయితి తెగకపోవుడు మామూలే, విస్తరి ముందట నుంచి లేచిపోవుడు మాత్రం మంచి అలవాటు కాదు.

ఇగ బాంబు ఇచ్చేస్తే బతుకు బాగుపడతది అని కిమ్‌కు చెప్పేటోళ్లు ఉన్నరు. లిబియా గడాఫీ 2003 డిసెంబర్ల అన్ని ఇచ్చేస్త అన్నడు, సామాను ఓడలకు, విమానాలకు ఎక్కించి పంపిండు, భేష్ అన్నరు, 2011 అక్టోబర్ల ఏమైందో అందరు ఫోన్లల్ల చూసిన్రు. ఉక్రెయిన్ 1994ల బుడాపెస్ట్ల కాగితం మీద హామీలు తీసుకొని తన దగ్గరున్నవి రష్యాకు అప్పజెప్పింది. ఇవన్ని తెలిసినోడిని కూసోబెట్టి 2018ల ట్రంప్ భద్రతా సలహాదారు బోల్టన్ సార్ లిబియా పద్ధతిల చేద్దాం అన్నడు. పెండ్లి చూపులకు పోయి, మా మొదటి కోడలు బావిల పడ్డది, నిన్ను గూడ అట్లనే చూసుకుంటం అన్నట్టు.

మన జిల్లాకు గూడ ఇసొంటి అనుభవమే ఉన్నది, ఎవ్వలు గుర్తు చేసుకోరు గాని. పెద్దగట్టు, లంబాపూర్ కింద యురేనియం ఉన్నది. తవ్వుతం అని వస్తే, సాగర్ నీళ్లు ఖరాబైతయి, ఇప్పటికే ఫ్లోరైడ్ తాగి వంకర్లు పోయినం అని జనం అడ్డం పడ్డరు. అటు నల్లమలల, అమ్రాబాద్ దిక్కు 2019ల లొల్లి అయితే అసెంబ్లీల తీర్మానమే చేసిన్రు, తవ్వనియ్యం అని. మంచి పని, నేను గూడ ఫేస్‌బుక్‌ల డీపీ మార్చిన. కానీ ఆలోచిస్తే, ఇట్ల మర్యాదగ వద్దన్నందుకే గదా మనల్ని ఎవ్వడు సింగపూర్ పిలుస్తలేడు, మన పంటకు రేటు అడిగితే మంత్రి పీఏ గూడ ఫోన్ ఎత్తడు.

ఊరి బహిష్కారం పెట్టినం గదా అంటరు ఆంక్షలోళ్లు. పెట్టిన్రు, 2006 సంది పెడుతనే ఉన్నరు. బహిష్కారం పెట్టినోడి ఇంటి ఎనుక తలుపు కాడికి కిరాణా షాపాయన సాయబు బండి మీద సామాను పంపుతుంటే అది ఎట్ల నడుస్తది? చైనా ఎప్పటి నుంచో పంపుతుంది. రష్యా అయితే 2024 జూన్ల పోయి చుట్టరికమే కలుపుకున్నది, దానికి ముందు మార్చిల ఆంక్షలు చూసే ఐక్యరాజ్యసమితి నిపుణుల కమిటీని వీటో పెట్టి బంద్ చేసింది, అంటే కావలి కుక్కను కట్టేసి తలుపు తెరిచినట్టు. ఆ యేడే కిమ్ తన సైనికులను రష్యా దిక్కు యుద్ధానికి పంపిండు. 2025 సెప్టెంబర్ల బీజింగ్ పరేడ్‌ల జిన్‌పింగ్‌కు ఒక పక్క పుతిన్, ఇంకో పక్క ఈయన. పెండ్లిల పందిరి కింద ముందు వరుసల కూసున్నోడు ఇగ ఎవనికి దండం పెడతడు?

కాబట్టి నా సలహా ఏందంటే, బాంబులు మొత్తం తీసేస్తేనే కూసుంట అని కబురు పెట్టేటోడు కూసునుడు ఇష్టం లేకనే పెడుతుండు, అది నాకు బాగ తెలుసు, నేను పన్నెండేండ్ల సంది అదే కబురు పెడుతున్న. ఆయుధాల లెక్కలు చూసే స్టాక్‌హోం సంస్థ 2025 లెక్కల కిమ్ దగ్గర సుమారు 50 బాంబులు ఉన్నయి, 1994ల రెండు రియాక్టర్లకు వచ్చే బేరం, 2019ల ఐదు ఆంక్షలకు వచ్చే బేరం, ఇప్పుడు పట్టాకు పోయింది, ఇంకో ఆఫీసర్ మారేసరికి దేనికి పోతదో. ఇంకా పెంచకుండ్రి, ఉన్నకాడికి ఆపుండ్రి, కొలుచుకోనియ్యుండ్రి అని ఒక చిన్న కాగితం రాసుకుంటే మంచిదే. కానీ ఆ కాగితం మీద సంతకం పెట్టినోణ్ని ఎల్లుండి టీవీల కబ్జాదారుకు పట్టా ఇచ్చినోడు అంటరు, అందుకే ఎవ్వడు పెట్టడు, అందరు కలిసి ఫొటో దిగుతరు.

నిన్ననే మా పాలోడు ఫోన్ చేసిండు. ఆదివారం మల్ల పెద్దమనుషులను పిలుద్దామా అన్నడు. రాయి తీస్తేనే వస్త అన్న. రాయి మీద కూసొనే మాట్లాడుదాం రా, ఇద్దరికి సరిపోతది అన్నడు వాడు. బోజనం ఏం పెడుతున్నవ్ అని అడిగిన. మటన్ అన్నడు. చూస్త అని పెట్టేసిన.