ఆటగాళ్ళు వస్తే టూల్ పాడవుతుంది

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటకి ఆటగాళ్ళతో పెద్ద చిక్కే వచ్చిపడింది. వాళ్ళు ఆడతామంటున్నారు. పాత్రల్ని తయారుచేసే టూల్ కోసం రాత్రుళ్ళు నిద్ర మానుకుని కోడు రాసేవాళ్ళకి ఇంతకన్నా అవమానం లేదు. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాయక తప్పడం లేదు.

సంగతి తెలియనివాళ్ళ కోసం: బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. అందులో ఒకడు డంజియన్ మాస్టర్, పొట్టిగా డీఎం. కథ నడిపేది అతనే. మిగతావాళ్ళకి తలా ఒక పాత్ర: మంత్రగాడు, దొంగ, కత్తి తిప్పేవాడు. ఏం చేస్తారో నోటితో చెప్తారు, అయిందో లేదో పాచిక తేలుస్తుంది. పాత్ర బలాబలాలన్నీ ఒక కాగితం మీద ఉంటాయి. ఆ కాగితం నింపడం గురించే మన చర్చ. ఆట గురించి మాట్లాడేవాళ్ళు వేరే ఉన్నారు.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి రాసిన ఈ ఆట అమెరికాలోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళోంచి బయటికొచ్చినప్పుడు, కాగితం నింపడం మహా మోటుగా ఉండేది. మూడు పాచికలు వెయ్యి, కూడు, బలం ఎదురుగా రాయి. మళ్ళీ వెయ్యి, తెలివి ఎదురుగా రాయి. ఇలా ఆరుసార్లు. బలం 5 వస్తే ఆ ఐదుతోనే గుహలోకి దిగాలి, మొదటి గదిలోనే చావాలి, ఇంకో కాగితం తీసుకోవాలి. డ్రాప్‌డౌన్ లేదు, లాగిన్ లేదు, ‘మీ మార్పులు సేవ్ కాలేదు’ అని హెచ్చరించే దిక్కు లేదు. ఆ జనం ఎలా బతికారో!

తర్వాత మెల్లగా నాగరికత వచ్చింది. 1978లో ‘అడ్వాన్స్‌డ్’ పేరుతో వచ్చిన ఇదే ఆట పుస్తకం ప్రకారం బలం 18 పడిన యోధుడు మళ్ళీ నూటికి పాచికలు వేసి, 18 పక్కన గీత గీసి ఇంకో అంకె రాసుకోవచ్చు. మనుషుల్లో మగవాడైతే 18/00 దాకా పోవచ్చు (00 అంటే నూరు), ఆడదైతే 18/50 దగ్గర ఆగాలి. డ్రాగన్ నిప్పులు కక్కుతుందంటే నమ్మిన పెద్దమనుషులు ఆడమనిషి బరువెత్తుతుందంటే నమ్మలేకపోయారు. ఆ ఒక్క ఇఫ్ కండిషన్ పోవడానికి 1989లో రెండో ఎడిషన్ రావాల్సొచ్చింది. నడుస్తున్న కోడు జోలికి ఎవడూ పోడని సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

మా ఆశయానికి అందరికన్నా దగ్గరగా వచ్చింది 1977 నాటి ట్రావెలర్. అది అంతరిక్షం ఆట. అందులో పాత్ర ముందు సైన్యంలోనో నౌకాదళంలోనో నాలుగేళ్ళ చొప్పున కొలువు చెయ్యాలి. ప్రతి విడతలోనూ బతికాడా లేదా అని పాచికలు వెయ్యాలి. పాచిక అడ్డం తిరిగితే పాత్ర తయారీలో ఉండగానే చచ్చిపోతుంది. ఆట మొదలవకుండానే అంత్యక్రియలు. టూల్ తన పని తాను చేసింది, ఆటగాడి బెడద లేదు. ఇంత శుభ్రమైన డిజైను మళ్ళీ ఎవరికీ చేతకాలేదు.

మా పిన్ని కొడుకు డాలస్‌లో ఉంటాడు. పగలు ఆఫీసు పని, రాత్రి ఈ టూల్. స్నేహితులు ఒక శనివారం ఆడదామనుకుని, కాగితం నింపడం తలనొప్పిగా ఉందంటే, “ఉండండ్రా, చిన్న టూల్ రాసిస్తా” అన్నాడు. ఆ శనివారం ఇంకా రాలేదు.

తప్పు వాడిది కాదు. ఐదో ఎడిషన్‌లో బలం, తెలివి లాంటివాటి ప్రతి స్కోరుకీ ఒక మోడిఫయర్, అంటే పాచిక మీద పడ్డ అంకెకి కలిపేది, ఉంటుంది. స్కోరులోంచి పది తీసెయ్యాలి, సగం చెయ్యాలి, భిన్నం మిగిలితే కిందికి దించాలి. 15కి +2. మరి 9కి? పది తీసేస్తే మైనస్ ఒకటి, సగం చేస్తే మైనస్ అర, కిందికి దించితే మళ్ళీ మైనస్ ఒకటి. కానీ జావాలో పూర్ణాంకాల్ని భాగిస్తే కిందికి దించదు, సున్నా వైపు కత్తిరిస్తుంది. దాంతో మావాడి టూల్‌లో తొమ్మిదివాడు ఏ లోపమూ లేని మనిషైపోయాడు, ఏడువాడు ఎనిమిదివాడితో సమానమైపోయాడు. అర్భకుల మీద ఇంత దయ చూపించిన ప్రోగ్రాం నేనింకోటి ఎరగను. ఆ బగ్ చాలాకాలం ఎవరి కంటా పడలేదు. ఎవరైనా ఆడితే కదా పడ్డానికి!

అది సరిచేశాక పాలడిన్ వచ్చాడు. పాలడిన్ అంటే వ్రతం పట్టిన యోధుడు. వాడు మంత్రగాడి విద్య కూడా నేర్చుకుంటే, మంత్రాల లెక్కలో వాడి పాలడిన్ లెవెల్ సగమే చెల్లుతుంది. ఐదో ఎడిషన్ 2014 పుస్తకం ఆ సగాన్ని కిందికి దించమంది. మావాడు తు.చ. తప్పకుండా దించాడు. దాన్నే సవరించిన 2024 పుస్తకం పైకెత్తమంది. పైగా అంతవరకూ బలం, తెలివి లాంటివి పాత్ర జాతిని బట్టి పెరిగేవి. కొత్త పుస్తకంలో పూర్వం చేసిన పనిని బట్టి, అంటే నేపథ్యాన్ని బట్టి పెరుగుతాయి. జాతి అనే మాటనే తీసేశారు. మావాడి డేటాబేస్‌లో మాత్రం టేబుల్‌కి ఇప్పటికీ అదే పేరు, మారిస్తే ఏం కూలుతుందోనని భయం.

ఇక చట్టం సంగతి. 2023 మొదట్లో ఆట యజమాని విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్, ఆట నియమాల్ని బయటివాళ్ళు వాడుకోనిచ్చే పాత లైసెన్సు మార్చబోయింది. జనం గగ్గోలు పెట్టేసరికి వెనక్కి తగ్గి, ఐదో ఎడిషన్ నియమాల్లో కొంత భాగాన్ని క్రియేటివ్ కామన్స్ కింద అందరికీ వదిలేసింది. మావాడు పండగ చేసుకున్నాడు. తీరా విప్పి చూస్తే అందులో నేపథ్యం ఒక్కటే ఉంది, గుళ్ళో కొలువు చేసినవాడిది. ఫీట్ అనే ప్రత్యేక విద్యా ఒక్కటే ఉంది, కుస్తీ. కాబట్టి అప్పట్లో చట్టానికి లోబడిన టూల్‌లో పుట్టినవాడు దొంగైనా మంత్రగాడైనా మొదట గుళ్ళో పెరగాల్సొచ్చేది, పెద్దయ్యాక ఏదైనా విద్య కావాలంటే కుస్తీ పట్టాల్సొచ్చేది. ఇంత క్రమశిక్షణ గల లోకం నిజంగా ఉంటే పోలీసులతో పనేముంది?

ఇదంతా పనిలేని పని అనేవాళ్ళకి ఒక్క లెక్క చెప్తాను. ముఖ్యంగా ఈ కాగితం నింపే పని మీదే పేరు తెచ్చుకున్న డీ అండ్ డీ బియాండ్ అనే వెబ్‌సైటును 2022లో విజార్డ్స్ మాతృసంస్థ హాస్‌బ్రో 14.63 కోట్ల డాలర్లు పోసి కొనుక్కుంది. మరి పెన్సిల్ని ఎవడు కొన్నాడు?

అసలు శత్రువు డీఎం. మొన్న మావాడి కూతురు తనకి మంత్రాలొచ్చిన మేకపిల్ల కావాలంది. టూల్‌లో కొట్టి చూస్తే జాబితాలో మేక లేదు, ‘ఎంపిక చెల్లదు’ అని ఎర్రగా వచ్చింది. వ్యవస్థ పనిచేస్తోందని మావాడు మురిసిపోయాడు. ఇంతలో డీఎంగా ఉండాల్సిన స్నేహితుడు, “సర్లేమ్మా, మేకే కానీ” అనేశాడు. ఆటలో చివరి మాట డీఎందేనని పుస్తకాలే ఒప్పుకుంటాయి కాబట్టి వాడినేమీ అనడానికి లేదు. రాత్రిళ్ళు కూర్చుని రాసిన వాలిడేషన్ అంతా ‘సర్లేమ్మా’ ముందు ఎందుకూ కొరగాకుండా పోయింది.

“పోనీ, ‘డీఎం ఒప్పుకున్నాడు’ అని ఒక టిక్కు పెట్టె పెట్టెయ్యరాదురా?” అన్నాను.

“పెట్టొచ్చన్నయ్యా. కానీ అది నొక్కితే మిగతా కోడంతా దేనికి?” అన్నాడు.

ప్రస్తుతానికి దాన్ని రెండో వెర్షన్‌కి వాయిదా వేశాడు. మొదటి వెర్షన్‌లో మేకలకి ప్రవేశం లేదు.