చివరికి ఏం జరిగిందంటే...

మా పిన్ని కిందటి నెల గోంగూర పచ్చడి చేసి యూట్యూబ్‌లో పెట్టింది. టైటిల్: ‘గోంగూర పచ్చడి’. థంబ్‌నెయిల్, అంటే వీడియో నొక్కకముందు పైకి కనబడే బొమ్మ: గిన్నెలో గోంగూర పచ్చడి. ఇంత పచ్చి నిజం చెబితే ఎవరు చూస్తారండీ? వారం తిరిగేసరికి 41 వ్యూస్. అందులో ముప్పై మా బాబాయివే.

అప్పుడు రంగంలోకి దిగాడు పిన్ని కొడుకు, మా తమ్ముడు. వీడియోలో పిన్ని నంజుకోడానికి ఉల్లిపాయ తరుగుతూ కళ్లు తుడుచుకునే క్షణం ఒకటుంది. అక్కడ ఆపి, మొహం పెద్దది చేసి, గిన్నె చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, దాని మీదికో బాణం వదిలాడు. మూలన బాబాయి పాస్‌పోర్టు ఫొటో, అదీ బ్లాక్ అండ్ వైట్‌లో. పైన పసుపు అక్షరాలు: ‘ఈ వయసులో ఇంత కష్టమా? చివరికి ఏం జరిగిందంటే...’

చివరికి ఏం జరిగిందంటే, పోపు వేసింది.

గిట్టనివాళ్లు దీన్ని మోసమంటారు. నేనొప్పుకోను. ఇందులో ఒక్క అబద్ధం చూపించండి! కన్నీళ్లు నిజం. వయసు నిజం. కట్టలు కట్టలు గోంగూర వలవడం కష్టం కాదని ఏ మగవాడైనా వలిచి చెప్పాలి. పైగా మావాడు ‘ఉల్లిపాయ వల్ల’ అని కూడా స్పష్టంగా రాశాడు. కాకపోతే కుడివైపు కింది మూలన రాశాడు. సరిగ్గా అక్కడే వీడియో నిడివి చూపించే అంకెలు వచ్చి కూర్చుంటాయి. దానికి వాడేం చేస్తాడు?

వీడియోలో లేనిది టైటిల్లో చూపించి ఊరించేవాళ్ల మీద ఇండియాలో చర్యలు తీసుకుంటామని యూట్యూబ్ 2024 డిసెంబరులో ప్రకటించింది కదరా అన్నాను. “అది ముఖ్యంగా వార్తల గురించి అన్నయ్యా, పచ్చళ్ల గురించి కాదు” అన్నాడు. ఒకే వీడియోకి మూడు థంబ్‌నెయిళ్లు పెట్టి, దేనివల్ల జనం ఎక్కువసేపు చూస్తున్నారో పోల్చుకునే ఏర్పాటు కూడా ఆ యూట్యూబే ఇచ్చిందట. ఇచ్చిన సౌకర్యం వాడుకోకపోతే బాగుండదని రెండోదాంట్లో పిన్ని కన్నీళ్లు ఇంకాస్త పెంచాడు. మూడోదాంట్లో బాబాయి ఫొటోకి దండ వేశాడు.

మూడోది గెలిచింది.

మర్నాడు తెల్లారకముందే బాబాయి వాళ్లన్నయ్య ఊరి నుంచి మొదటి బస్సు పట్టుకుని దిగాడు, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని. తలుపు తీసింది బాబాయే. ఆ తర్వాత పావుగంట ఆ ఇంట్లో వినబడిన మాటలు ఏ టైటిల్లోనూ పెట్టకూడనివి. పిన్ని గబగబా వేడన్నం వండి, పచ్చడి వేసి, ఉల్లిపాయ ముక్కలు పక్కన పెట్టింది. ఆయన రెండోసారి కలుపుకుంటుండగా మావాడు మెల్లగా అడిగాడు, “పెదనాన్నా, వీడియో మొత్తం చూశావా?”

“వీడియో ఏంట్రా? ఫొటో చూసి బస్సెక్కేశాను.”

వాడి మొహం వాడిపోయింది. వంద మంది కళ్లబడితే ఇద్దరి నుంచి పదిమంది దాకా నొక్కడం మామూలు లెక్క. సొంత పెదనాన్న, బస్సు టికెట్ కొన్నాడు గానీ నొక్కలేదు.