చారిత్రక ఖచ్చితత్వం గారికి, డెటాల్ వాసనతో

మహారాజశ్రీ చారిత్రక ఖచ్చితత్వం గారికి, బెజవాడ సత్యనారాయణపురం నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. తమరు క్షేమమే. ఇక్కడ నేనూ, నేను రంగులేసే ఇరవై నలుగురు బొమ్మ సిపాయిలూ క్షేమం కాదు.

సిపాయిల్లో సగం మంది ఈ క్షణాన టిఫిన్ డబ్బాలో, డెటాల్‌లో పీకల దాకా మునిగి ఉన్నారు. ఇల్లంతా ఆసుపత్రి వాసన. మా అమ్మ వంటింట్లోంచి "ఎవరికి దెబ్బ తగిలిందిరా?" అని రెండుసార్లు అడిగింది. ఏం చెప్పను, ఊరుకున్నాను.

చందుర్తి యుద్ధాన్ని బల్ల మీద నిలబెట్టాలని నా మూడేళ్ళ ముచ్చట. నెపోలియన్ ఓడిన వాటర్లూ యుద్ధం అందరూ వేస్తారు. మన పిఠాపురం పక్కన 1758 డిసెంబరులో ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ తలపడి, విజయనగరం రాజు ఆనంద గజపతి ఇంగ్లీషు కల్నల్ ఫోర్డు వైపు నిలబడితే, అదంతా గ్రూప్స్ పరీక్షలో ఒక మార్కు ప్రశ్నగా మిగిలిపోవాలా? ఆ ఉక్రోషంతో కూర్చుని ఫోర్డు సిపాయిలకు తెల్లకోట్లు వేశాను. ఆ రోజుల్లో మద్రాసు సిపాయిలు తెల్లబట్టలే కట్టేవారు కదా అని ధీమా. తెలుపు ఒక్క పూతతో లొంగే రంగు కాదు. పైగా ఇది బెజవాడ, మే నెల. ఫ్యాన్ వేస్తే రంగు కుంచె మీదే ఎండిపోతుంది, ఆపితే నా చెమట చుక్క సిపాయి నెత్తిన పడుతుంది. డబ్బా మూతలో తడిగుడ్డ పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి, రంగుకు ప్రాణం పోసుకుంటూ నాలుగు ఆదివారాలు లాక్కొచ్చాను.

ఇరవై నాలుగో తలపాగా పూర్తయిన సాయంత్రమే తమరు ఒక పాత పుస్తకంలోంచి తల బయటపెట్టారు. ఫోర్డు వెంట ఓడల్లో వచ్చినవాళ్ళు బెంగాల్ సిపాయిలట. ఎర్రకోట్లట.

పోనీ, చూసీ చూడనట్టు పోదామంటే కుదరదు. ఆ యుద్ధమంతా ఆ ఎరుపు మీదే తిరిగింది! తెల్లబట్టల సిపాయిలకు అలవాటు పడ్డ ఫ్రెంచివాళ్ళు ఎర్రకోట్లు కనబడగానే ఇదే ఇంగ్లీషు పటాలం అనుకుని మీద పడ్డారు. అసలు ఇంగ్లీషు పటాలం ఏపుగా పెరిగిన చేను చాటున ఉంది. సిపాయిలు చెదిరారు, ఫ్రెంచివాళ్ళు వరస తప్పి తరుముకుంటూ పోయారు, చేను చాటునున్నవాళ్ళు తాపీగా బయటికొచ్చి పక్క నుంచి వాయించారు. 1759 ఏప్రిల్‌కల్లా బందరు కోట కూడా పోయి, ఉత్తర సర్కార్లలో ఫ్రెంచివాళ్ళ ఆట కట్టింది. మరి నా బల్ల మీద తెల్లకోట్లుంటే ఫ్రెంచివాళ్ళు పొరబడరు. గెలిచినా గెలుస్తారు. నా ఒక్కడి నిర్లక్ష్యం వల్ల రేపు గవర్నర్‌పేట పిల్లలు ఫ్రెంచి మీడియంలో చదవాల్సి రావచ్చు.

అందుకే డెటాల్, వేసిన రంగు ఊడగొట్టడానికి. పన్నెండు మందిని రాత్రంతా నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, తొందరలో కుళాయి కింద పెట్టాను. నీళ్ళు తగిలితే ఆ రంగు జిగురైపోతుందని తెలిసీ పెట్టాను, తప్పు నాదే. పనసకాయ కోసిన చేతుల్లా అయ్యాయి నా చేతులు. మొహాలు పోయాయి, తుపాకులు చేతులకు అతుక్కుపోయాయి. గుండుసూదితో ఒక్కొక్కడి ముక్కూ చెవులూ గోకేసరికి సాయంత్రం అయిదు. గుంటూరులో మేనత్తగారి గృహప్రవేశం భోజనం గోవిందా.

సరే, ఎరుపే వేస్తాను. ఏ ఎరుపు, స్వామీ? ఇంగ్లీషు సైన్యంలో మామూలు సైనికుడి కోటుకు మంజిష్ఠ జాతి వేరు రంగు, దొర కోటుకు కాచినీల్ పురుగు రంగు. మొదటిది ఇటుక, రెండోది పండుమిరప. ఎండకూ వానకూ వెలిశాక పక్కపక్క కోట్లే ఒకలా ఉండవు. నా దగ్గర ఆరు ఎరుపు సీసాలున్నాయి. వారాల తరబడి మన ఎండలో నడిచిన సిపాయి కోటు ఇందులో ఏ సీసా? తమరు 'ఎర్రకోటు' అని ఒక్క మాట పడేసి చక్కా పోయారు.

కోటు చేతి అంచు మడతల రంగు సంగతి అసలు ఎత్తను. 28 ఎం.ఎం. మనిషికి ఆ మడత రెండు మిల్లీమీటర్లు. దాని రంగు మీద మాటామాటా పెరిగి ఒక పెద్దాయన నాతో పదకొండు రోజులు మాట్లాడలేదు. గుండీలు లెక్కపెట్టే ఆ బాపతంతా తమరి మనుషులే కదా.

ఇక 'తమరు' అనడం నా వల్ల కాదు. అసలు నువ్వెవరు? ఆఫీసులో ఆరు రోజులు ఆడిట్ వాళ్ళు, ఏడో రోజు నువ్వా? నా పదో ఏట, కొండపల్లి నుంచి తెచ్చిన తాటిచెట్లు గీసే మనిషి బొమ్మ రంగు వెలిసిపోతే, కిటికీలకు వెయ్యగా మిగిలిన ఆకుపచ్చ ఎనామిల్ పూశాను. తల నుంచి కాళ్ళ దాకా ఆకుపచ్చ మనిషి. ఊరంతా తిప్పి చూపించాను. ఏ ఆధారంతో వేశావని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు! ఆ చెయ్యే ఇప్పుడు కుంచె పడితే టెన్షన్‌తో వణుకుతోంది. సరదాగా బొమ్మలేసుకునేవాడి చేత పరీక్ష రాయిస్తున్నావు, సిగ్గు లేకుండా.

ఇంత తిట్టాక ఒకటి చెప్పక తప్పదు. ఎర్రకోటు సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాలుగు ఆదివారాలు తెల్లరంగు పూసినా వాళ్ళు నాకు బొమ్మల్లాగే ఉన్నారు. ఇంకెవరో అనుకుని తన మీదికి ఉరికొస్తున్న పటాలాన్ని చూస్తూ నిలబడ్డవాడి మొహం ఎలా ఉంటుందా అని ఆ రాత్రే మొదటిసారి ఆలోచించాను. మళ్ళీ వేసేటప్పుడు కనుబొమలు కాస్త పైకి గీయాలి. ఆ ఆలోచన నువ్వు పెట్టిందే. ఒప్పుకుంటున్నాను, పో.

రాత్రి పదయింది. శుభ్రం చేసిన పన్నెండు మందికీ ఇటుక ఎరుపు మొదలుపెట్టాను, ముగ్గురికి కాస్త వెలిసినట్టు. చేతి మడతలు మాత్రం ఆకుపచ్చ. మా కిటికీల ఆకుపచ్చ. ఆధారం అడిగావో, కుంచె విసిరేస్తాను.

ఇట్లు,
వేళ్ళకు ఇంకా జిగురున్నవాడు

తా.క.: దెబ్బ నాకేనని అమ్మకు చెప్పేశాను. పసుపు పెట్టుకోమంది.