నెల వాయిదా, ఏడాది పంట

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో మహిళా సంఘాలకు అప్పు పుట్టదన్న మాట ఇప్పుడు చెల్లదు. 2000లో ప్రపంచ బ్యాంకు సాయంతో ఉమ్మడి రాష్ట్రంలోని ఆరు జిల్లాల్లో వెలుగు పథకం మొదలైతే, ఆ ఆరింటిలో ఈ రెండూ ఉన్నాయి. పది నుంచి పదిహేను మందితో సంఘం, సంఘాలన్నీ కలిసి గ్రామ సంఘం, దానిపైన మండల సమాఖ్య అనే అమరిక అప్పటి నుంచి ఊరూరా వేళ్లూనుకుంది. సంఘాలకు బ్యాంకులు నేరుగా అప్పిచ్చే బ్యాంకు లింకేజీకి తోడు, సంఘాలకే అప్పులిచ్చే సహకార సంస్థ స్త్రీనిధి 2011లో వచ్చింది. అప్పు ఇచ్చే దారి ఇంత చక్కగా వేసినవాళ్లు, ఆ అప్పు తీర్చే చేతుల్లోకి డబ్బు ఏ నెలలో వస్తుందో మాత్రం అడగలేదని నా అభియోగం.

శ్రీకాకుళం జిల్లాలో జీడితోటలకు పేరుపడ్డ ఉద్దానాన్నే తీసుకుందాం. అక్కడ జీడితోట ఉన్న ఇంటికి సొమ్ము కళ్లజూసేది వేసవిలోనే. వాయిదా మాత్రం నెలనెలా కట్టాలి. తోటలో పిక్కలు రాలేసరికి ఆ ఇంటి ఇల్లాలు అప్పటికే ఏడెనిమిది నెలల వాయిదాలను కూలి డబ్బుతోనో, చెన్నైకో హైదరాబాద్‌కో వలస వెళ్లిన భర్త పంపిన డబ్బుతోనో కట్టి ఉంటుంది. ఆ నెలల్లో చేబదులు ఇచ్చిన వ్యాపారికే ఎనభై కిలోల బస్తాను అతడు చెప్పిన ధరకు వదులుకోవాల్సి వస్తుంది. ధర పెరిగేదాకా పిక్కలను నాలుగు నెలలు ఇంట్లో ఆపుకోగల శక్తి ఆమెకు లేదు. పలాస, కాశీబుగ్గల్లో పిక్కలు కొట్టి పప్పు ఒలిచే పనిలో వేల మంది ఆడవాళ్లున్నా, వాళ్లలో ఎక్కువ మంది కూలివాళ్లుగానే మిగలడానికి కారణం పని రాకపోవడం కాదు. సీజనులో సరుకు కొని నిల్వ పెట్టుకునే పెట్టుబడి సంఘం అప్పులో దొరకకపోవడం.

తీరంలోనూ ఇదే కథ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. 2025 ఏప్రిల్‌లో ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలో మత్స్యకార కుటుంబానికి 20 వేల రూపాయల భృతి పథకాన్ని ప్రారంభించారు, సంతోషం. కానీ ఆ భృతికి కొలమానం పడవ మీద వేటే. రేవులో చేపలు కొని గంపకెత్తుకుని ఊళ్లలో అమ్మే మహిళకు ఆ రెండు నెలలూ వ్యాపారం పడిపోతుంది, సంఘం వాయిదా మాత్రం ఆగదు. సీతంపేట కొండల్లో చింతపండు, కొండచీపుర్ల మీద బతికే సవర మహిళల లెక్కా ఇంతే.

వాయిదా తప్పితే ఏమవుతుంది? వడ్డీని ప్రభుత్వం భరించే సున్నా వడ్డీ రాయితీ సకాలంలో చెల్లించిన సంఘాలకే. అందువల్ల ఒక్కరు కట్టకపోతే నష్టం పదిమందిదీ. ఆ మొహమాటంతోనే ఆమె నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చి బ్యాంకులో కడుతుంది. తక్కువ వడ్డీ అప్పును కాపాడుకోవడానికి ఎక్కువ వడ్డీ అప్పు చేయడమన్నమాట! బ్యాంకు పుస్తకంలో ఇది నూరు శాతం వసూలుగా కనబడుతుంది.

నెలవారీ క్రమశిక్షణ సడలిస్తే అసలుకే మోసం వస్తుందన్న బ్యాంకర్ల భయం తీసిపారేయదగింది కాదు. 2014లో మాఫీ హామీని నమ్మి వాయిదాలు ఆపిన సంఘాలు తర్వాత వడ్డీల భారాన్ని మోసిన సంగతి ఇక్కడ అందరికీ గుర్తుంది. అయితే నేను అడుగుతున్నది మాఫీ కాదు. పొదుపు, సమావేశం, వడ్డీ నెలనెలా సాగాలి. అసలు మాత్రం జీడిపిక్కలకు వేసవిలో, చేపలకు వేట మళ్లీ మొదలయ్యాక, వరికి సంక్రాంతి దాటాక పెద్ద వాయిదాలుగా కట్టించుకోవాలి. అవసరమైనప్పుడు తీసుకుని, చేతిలో ఉన్నప్పుడు జమ చేసే క్యాష్ క్రెడిట్ ఖాతాను సంఘాలకు ఇవ్వడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఎప్పటి నుంచో ఒప్పుకుంటున్నాయి.

దీనికి ఎవరి ఇంట్లో ఏ నెలలో ఎంత వస్తుందో తెలిసిన మనిషి కావాలి. ఆ మనిషి ఊళ్లోనే ఉంది: గ్రామ సంఘం లెక్కలు రాసే వీవోఏ. కానీ ఆమె పొద్దంతా పై నుంచి అడిగిన వివరాలు ఫోన్లో ఎక్కించడంతోనే సరిపోతోంది. సంఘాలకు కొత్తగా ఏ నిధి ఇచ్చినా, అందులో మొదటి వాటా ఆమె గౌరవ వేతనానికి, ఇంటింటి ఆదాయ పట్టిక తయారీకి కేటాయించాలి. ఆ పట్టికను చూసి వాయిదా తేదీలను తీర్మానించే అధికారం గ్రామ సంఘానికే ఉండాలి, బ్యాంకు శాఖకు కాదు.