పలచబడని లాంబ్డా గారికి

మహారాజశ్రీ విశ్వ స్థిరాంకం లాంబ్డా గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ మేం క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాద్దామంటే, మీకు ఇక్కడా అక్కడా అన్న తేడా లేదాయె.

మీ చరిత్ర మాకు తెలియంది కాదు. పదార్థం స్థలకాలాన్ని వంచుతుందనీ, ఆ వంపే గురుత్వాకర్షణ అనీ ఐన్‌స్టీన్ 1915లో తేల్చాడు. తీరా ఆ సమీకరణాలను విశ్వం మొత్తానికీ వేసి చూస్తే, ఇల్లు కుదురుగా నిలవనంటోంది. వాలిన గోడకు వాసం పోటు పెట్టినట్టు, గురుత్వాకర్షణకు ఎదురు తోసే అంకెగా 1917లో మిమ్మల్ని ఆ సమీకరణాల్లోకి తెచ్చి నిలబెట్టాడు. ఆ నిలకడ ఏపాటిదో తర్వాత ఎడింగ్టన్ చూపించాడు: సూదిమొన మీద ఆవగింజ. ఇటు తుమ్మితే కూలుతుంది, అటు తుమ్మితే ఉబ్బుతుంది.

ఇల్లు కదులుతుంది మహాప్రభో అని 1922లో ఫ్రీడ్మన్, 1927లో లెమెత్ర్ లెక్కకట్టి చెప్పినా ఐన్‌స్టీన్ వినలేదు. ఎంత దూరంగా ఉన్న గెలాక్సీలు అంత వేగంగా వెళ్లిపోతున్నాయని 1929లో హబుల్ కొలిచి చూపించాక, 1931లో ఐన్‌స్టీన్ మిమ్మల్ని గడప దాటించేశాడు. నా జీవితంలో అతి పెద్ద పొరపాటు అన్నాడని భౌతికశాస్త్రవేత్త గామో రాశాడు. సరదా కోసం తన పరిశోధన వ్యాసంలో దాంతో సంబంధం లేని తోటి శాస్త్రవేత్త బేథే పేరు ఇరికించిన గామో మాట కాబట్టి, నేను సగమే నమ్ముతాను.

1998లో రెండు బృందాలు దూరపు సూపర్నోవాలను, అంటే పేలిపోయే నక్షత్రాలను చూస్తే, అవి అనుకున్నదానికన్నా మసకగా ఉన్నాయి. అంటే ఇంకా దూరంలో ఉన్నాయన్నమాట. మందగించాల్సిన వ్యాకోచం జోరందుకుంది. ఎవరి పనా అని చూస్తే మీరే! ఇల్లు కదలకుండా పట్టుకోమని తెచ్చినవారు, దాన్ని సాగదీస్తూ దొరికారు. 2011లో నోబెల్ కూడా వచ్చింది. మీకు కాదు లెండి.

అదంతా పోనీ. నాకు మింగుడుపడనిది మీ చిక్కదనం. విశ్వం అన్నివైపులా రెండింతలైతే పదార్థం సాంద్రత ఎనిమిదో వంతుకు పడిపోతుంది, వెలుగుదైతే పదహారో వంతుకు. చెప్పకుండా చుట్టాలొస్తే చారులో చెంబుడు నీళ్లు పోసే ఇల్లు మాది, ఆ న్యాయం మాకు తెలుసు. మరి మీరో? ఎన్ని చెంబులు పోసినా అంతే చిక్కగా ఉంటారు. అలా ఓపిగ్గా కూర్చుని, మిగతావాళ్లంతా పలచబడ్డాక, సుమారు 500 కోట్ల ఏళ్ల కిందట పగ్గాలు లాక్కున్నారు. ఇవాళ విశ్వం ఆస్తిలో 70 శాతం దాకా మీ పేరనే ఉంది. నక్షత్రాలూ, నేనూ, మా పక్కింటాయన స్కూటరూ కలిపి పరమాణువుల వాటా 5 శాతం.

మీరెవరని అడిగితే, శూన్యానికుండే శక్తే మీరని క్వాంటం పండితులు లెక్కవేశారు. ఆ లెక్క కొలిచినదానికన్నా ఎంత ఎక్కువో రాయాలంటే 1 పక్కన 120 దాకా సున్నాలు కావాలి. మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కల్లో కూడా ఇంత తేడా రాలేదు, ప్రయత్నం జరగలేదని కాదు.

మా పేటలో మాత్రం మీ ఆటలు సాగవు. ఆండ్రోమెడా గెలాక్సీ మిమ్మల్ని పూచికపుల్ల కింద తీసేసి, సెకనుకు 110 కిలోమీటర్ల చొప్పున మావైపే వస్తోంది.

అన్నట్టు, ఈమధ్య మీరు నీరసపడుతున్నారేమోనని అరిజోనాలో గెలాక్సీలు కొలిచే డెసీ బృందం అనుమానపడుతోంది. ఇంకా రుజువు కాలేదు. పేరులో స్థిరం పెట్టుకుని ఇదేం పనండీ?

ఈ ఉత్తరం పోస్టు చేయడం లేదు. ఖాళీ ఉన్నచోటల్లా ఉంటారు కదా, కవరు అంటించేశాను. లోపల మిగిలిన జాగాలో కూర్చుని చదువుకోండి.

ఇట్లు,
5 శాతంలో ఒకడు