ఇంట్లో చదువు సరే, ఎవరి టైముతో?

సంక్రాంతి ముగ్గులు చెరగకముందే బెజవాడ అపార్ట్‌మెంట్ల గేట్లకు వచ్చే ఏడాది అడ్మిషన్ల కరపత్రాలు వేలాడతాయి. ప్రైవేటు బడుల పీఆర్వోలు సెల్లార్‌లో నిలబడి ఏ ఫ్లాట్‌లో ఎన్నేళ్ళ పిల్లలున్నారో వాకబు చేస్తారు. మూడేళ్ళ పిల్లకి ‘కాన్సెప్ట్’, ఏడేళ్ళ వాడికి ‘ఒలింపియాడ్’, ఆరో తరగతికి వచ్చేసరికి ‘ఐఐటీ ఫౌండేషన్’. ఈ వరసలో నిలబడటం ఇష్టం లేక, నాలుగైదేళ్ళ పిల్లల్ని ఇంటి దగ్గరే చదివించుకుంటామనే దంపతులు పోరంకిలోనూ గుంటూరు లక్ష్మీపురంలోనూ అక్కడక్కడా కనిపిస్తున్నారు. తక్కువమందే. వాళ్ళు మొదట అడిగేది ‘ఏ సిలబస్ కొనాలి?’ అని. తర్వాత ‘చట్టం ఒప్పుకుంటుందా?’ అని. ఈ రెండింటికీ జవాబులున్నాయి, అవి అంత కష్టమైనవీ కావు. పొద్దున్న లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఆ పిల్ల పక్కన ఉండే మనిషి ఎవరనేది మాత్రం ఎవరూ అడగరు. అసలు వ్యవహారమంతా అక్కడే ఉందని నా నమ్మకం.

ముందు చట్టం సంగతి తేల్చేద్దాం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు వర్తిస్తుంది. ఆరేళ్ళు నిండని పిల్లను బడికి పంపి తీరాలని అందులో ఎక్కడా లేదు. ఆ వయసు పిల్లల చదువుకు ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చని మాత్రమే సెక్షన్ 11 చెబుతుంది. కాబట్టి నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ మానిపించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆరు దాటాక వస్తుంది చిక్కు. పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది సెక్షన్ 10. అయితే చేర్చని తల్లిదండ్రులకు చట్టంలో ఏ శిక్షా రాయలేదు. ఇంటి చదువును స్వచ్ఛందంగా ఎంచుకున్నవారికి ఈ చట్టం అడ్డురాదని ఢిల్లీ హైకోర్టులో ఒక కేసులో కేంద్రమే చెప్పుకుంది. అంటే నిషేధం లేదు, గుర్తింపూ లేదు. ఇలాంటి సందులో పదేళ్ళు ఉండటం ఇబ్బందే, ఒకటి రెండేళ్ళు ఉండటం పెద్ద విషయం కాదు.

మన రాష్ట్రంలో దీనికి ఇంకో కోణం ఉంది. బడి బయట ఉన్న పిల్లల లెక్క తీసేటప్పుడు సీఆర్పీయో (క్లస్టర్ రిసోర్స్ పర్సన్), దగ్గర్లోని బడి టీచరో ఇంటికి వస్తారు. ఆరేళ్ళు దాటిన పిల్ల ఏ బడి రిజిస్టర్‌లోనూ లేకపోతే వాళ్ళ కాగితంలో ఆమె ‘డ్రాపవుట్’ పక్కన పడుతుంది. వాళ్ళతో తగాదా పెట్టుకుని లాభం లేదు, వాళ్ళ పని వాళ్ళు చేస్తున్నారు. ఓపిగ్గా చెప్పి పంపాలి. అలాగే పిల్లల్ని చదివించే తల్లులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ‘తల్లికి వందనం’ డబ్బులు ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా బడి, కాలేజీ రికార్డుల్లో ఉన్న పిల్లల తల్లులకే పడతాయి. 2025 జూన్‌లో తల్లుల ఖాతాల్లో పిల్లకి 13,000 రూపాయల చొప్పున వేశారు. ఇంటి చదువు వైపు చూసే కుటుంబాలకు ఇది పెద్ద మొత్తం కాకపోవచ్చు. కానీ ఇద్దరు పిల్లలున్న ఇంట్లో నాన్నమ్మ ఆ లెక్క తప్పకుండా ఎత్తుతుంది.

ఇక సిలబస్. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ళ వయసును ఒకే దశగా పెట్టింది. ఆ దశ కోసం 2022లో వచ్చిన పాఠ్య ప్రణాళిక చట్రం మరో అడుగు ముందుకేసి, ఆరేళ్ళ లోపు పిల్లలకు పాఠ్యపుస్తకాలే వద్దంది. ఆట, పాట, కథ, మట్టి, బొమ్మ, వీటితోనే నేర్పమంది. ఆ కాగితం పక్కన మన ఎల్‌కేజీ పిల్ల బ్యాగును పెట్టి చూడండి. రూల్డు నోటుబుక్కులు, వర్క్‌షీట్లు, కర్సివ్ కాపీలు, నెలనెలా ‘స్లిప్ టెస్టు’. ప్రభుత్వం రాసుకున్న దానికి దగ్గరగా ఉన్నది, ఇంట్లో బియ్యం చెరుగుతూ పిల్లతో కబుర్లు చెప్పే తల్లి. దూరంగా ఉన్నవి ఫీజులు తీసుకునే తరగతి గదులు.

ఈ ఆలోచన ఈ ఊరికి కొత్తేమీ కాదు. వి. కోటేశ్వరమ్మ గారు 1955లోనే విజయవాడలో పసిపిల్లలకు మాంటిస్సోరి బడి మొదలుపెట్టారు. 2017లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. నీళ్ళు ఒంపడం, గుండీలు పెట్టుకోవడం, తుడవడం లాంటి ఇంటి పనులే చదువుకు తొలి మెట్టని చెప్పే పద్ధతి అది. ఇప్పుడు ఆ పేరు ప్రతి సందులోనూ బోర్డు మీద కనిపిస్తుంది, లోపల పద్ధతి మాత్రం చాలాచోట్ల కనిపించదు.

అందుకే ‘ఏ కిట్ కొనాలి’ అని అడిగేవారికి నా జవాబు, మొదటి ఏడాది ఏదీ కొనొద్దని. నాలుగేళ్ళ పిల్లను పలక ముందు కూర్చోబెట్టడానికి రోజుకు అరగంట ఎక్కువే. చింతగింజలతో లెక్క వస్తుంది. వామనగుంటల్లో పంచడం వస్తుంది, అష్టాచెమ్మాలో కూడిక వస్తుంది, పైగా ఓడిపోవడం కూడా అలవాటవుతుంది. తెలుగు అక్షరాల విషయంలో మాత్రం కాస్త తెలివిగా నడవాలి. అ నుంచి ఱ దాకా వరసగా దిద్దించడం మనకి అలవాటు. ఆ వరసలో ఌ, ౡ వస్తాయి, పిల్ల వాటిని జన్మలో ఎక్కడా చదవదు. ఙ, ఞ లతో మొదలయ్యే మాట ఒక్కటీ ఆమెకు తెలియదు. తల, కల, పలక లాంటి మాటలతో మొదలుపెడితే నాలుగు అక్షరాలకే చదవడం వచ్చేస్తుంది, ‘నాకు చదవడం వచ్చు’ అనే ధైర్యమూ వస్తుంది. వ, ప, ష, మ చూడటానికి దగ్గరదగ్గరగా ఉంటాయి. నాలుగూ ఒకే వారంలో పెడితే కలగాపులగమవుతాయి. గుణింతాల దగ్గర ఎన్నాళ్ళయినా ఆగొచ్చు, ఒత్తులకు అసలు తొందరే లేదు. రాయడం చదవడం కంటే వెనకబడితే కంగారు పడక్కర్లేదు. మన అక్షరాలన్నీ గుండ్రాలు, ఆ వంపులు తిప్పడానికి వేళ్ళు గట్టిపడాలి. పిండి పిసకడం, పూలు గుచ్చడం, చిక్కుడుకాయలు ఒలవడం అందుకు దిద్దుడు పుస్తకం కంటే బాగా పనికొస్తాయి.

ఇంగ్లిష్ ఎలా అంటారా? కథలు చదివి వినిపించండి, ఆ రెండు మూడేళ్ళకు అది చాలు. ఇంట్లో ఎవరికీ అలవాటు లేని ఇంగ్లిష్‌లో పిల్లతో తడబడుతూ మాట్లాడటం వల్ల ఆ పిల్లకు రెండు భాషలూ సగం సగమే అవుతాయి. ఇంటిభాషలో పునాది పడాలని అదే విద్యా విధానం కూడా చెబుతోంది.

ఇక మన ఊళ్ళో ఉన్న వనరులు చూస్తే, ఇంటి చదువు పేరుతో గోడల మధ్య కూర్చోవడం ఎంత దండగో తెలుస్తుంది. కృష్ణ ఒడ్డున ఉన్నాం. ప్రకాశం బ్యారేజీ దగ్గర నది ఆగి, ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువగా ఊరి మధ్యలోంచి చీలిపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు సింగ్‌నగర్‌ను ముంచింది, అదే రోజుల్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు పారాయి. ఆ నీళ్ళు చూసిన పిల్లలు వేసే ప్రశ్నలతో ఏడాది పాటు భూగోళం చెప్పొచ్చు. బుడమేరు ఎక్కడ పుట్టింది, ఎటు పోవాలి, ఎందుకు ఇటు తిరిగింది? కొండపల్లిలో తెల్లపొణికి చెక్క బొమ్మగా మారడం చూడొచ్చు, మంగళగిరిలో మగ్గం చూడొచ్చు. గుంటూరు మిర్చియార్డుకు కూడా తీసుకెళ్ళొచ్చు, అయితే సీజన్‌లో ఆ ఘాటుకి పెద్దవాళ్ళే పది నిమిషాలు నిలవలేరు. బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం ఉంది. జనవరిలో పుస్తక మహోత్సవం ఉంది. పటమట రైతుబజారులో తూకం, చిల్లర, బేరం మూడూ ఒక్క సంచీతో నేర్పొచ్చు.

అయితే ఇందులో ఏ ఒక్కటీ దానంతట అది జరగదు. ఎవరో ఒకరు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళాలి. బస్సెక్కించాలి, నీళ్ళ సీసా మొయ్యాలి, ‘ఎందుకు’ అన్న ప్రతిసారీ విసుక్కోకుండా ఉండాలి. మళ్ళీ ఇంటికొచ్చి అన్నం వండాలి. ఆ ‘ఎవరో ఒకరు’ అనే మాటకు మన ఇళ్ళల్లో అర్థం ఒక్కటే, అమ్మ. ఇంటి చదువు గురించి మగవాళ్ళు మాట్లాడేటప్పుడు విద్యా వ్యవస్థ మీద, కార్పొరేట్ల మీద, ర్యాంకుల పిచ్చి మీద మంచి ఉపన్యాసాలు వినిపిస్తాయి. చివర్లో ‘మా ఆవిడ చూసుకుంటుంది’ అంటారు. ఆ ఆవిడ ఎమ్మెస్సీ చదివి, ఉద్యోగం మానేసి, పొద్దున్న ఐదింటికి లేచి, మధ్యాహ్నం అత్తగారి మందులు చూసి, సాయంత్రం పిల్ల పలక చూడాలి. ఫీజు మిగిలిందని భర్త లెక్క వేస్తాడు. ఆమె జీతం పోయిందన్నది ఆ లెక్కలోకి రాదు. ఆమెకు రోజు మొత్తంలో ఒంటరిగా దొరికే గంట ఏదన్నది అసలే రాదు.

ఈ అలసట పిల్ల మీదకి ఎలా దిగుతుందో చెప్పడం కష్టం కాదు. మొదటి రెండు నెలలు ఉత్సాహం. మూడో నెలలో పక్క ఫ్లాట్ పిల్లాడు పన్నెండో ఎక్కం అప్పజెబుతాడు. పెళ్ళిలో మేనత్త ‘ఏ స్కూలే బంగారం?’ అంటుంది. పిల్ల ‘స్కూల్ లేదు’ అని నవ్వుతూ చెబుతుంది, తల్లి మొహం ముడుచుకుంటుంది. మర్నాటి నుంచి టైంటేబుల్, వర్క్‌షీట్లు, ‘ఇది పూర్తి చేస్తేనే టీవీ’. ఏ బడినైతే వద్దనుకున్నారో అదే డైనింగ్ టేబుల్ మీదకి వచ్చి కూర్చుంటుంది. బడిలో అయితే టీచరు తిట్టినా ఇంటికొచ్చి అమ్మ ఒళ్ళో ఏడవొచ్చు. ఇక్కడ తిట్టేదీ అమ్మే.

కాబట్టి మొదలుపెట్టేముందు భార్యాభర్తలు ఒక కాగితం మీద వారం రాసుకోవాలి. ఏ రోజు ఏ గంట ఎవరిది? సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇంటి నుంచే చేసే తండ్రి పొద్దున్న తొమ్మిది దాకా పిల్లను పూర్తిగా తీసుకోగలడా? ఆదివారం రైతుబజారు, స్నానం, కథ అతనివేనా? తాతయ్య ఉంటే రోజుకో పద్యం, ఒక నడక ఆయన వంతు. పెద్దవాళ్ళు ఉన్న ఇల్లు నిజంగా పెద్ద ఆస్తి, కాకపోతే ‘తాతయ్య చూసుకుంటాడు’ అంటే ఫోన్ చూపిస్తూ అన్నం తినిపించడం అని తేలే ఇళ్ళూ ఉన్నాయి. అదీ ముందే మాట్లాడుకోవాలి. దగ్గర్లో అదే ఆలోచన ఉన్న ఇంకో కుటుంబం దొరికితే వారంలో రెండు రోజులు వాళ్ళింట్లో, రెండు రోజులు మనింట్లో. పిల్లకు తోడు, తల్లికి ఊపిరి. వారం కాగితంలో గడులన్నీ ఒక్కరి పేరుతోనే నిండితే మంచి బడి వెతుక్కోవడమే ఆ పిల్లకు మేలు. ఇందులో నామోషీ ఏమీ లేదు.

ఇద్దరూ పనికి పోతే తప్ప గడవని ఇంటికి ఈ చర్చే వర్తించదు. సింగ్‌నగర్‌లోనో, గుంటూరు పాతబస్తీలోనో ఉండే ఆ ఇంటి పిల్లకు అంగన్‌వాడీలో దొరికే గుడ్డు, పాలు, భద్రంగా కూర్చునే చోటు, ఇవే తొలి చదువు. ఇంటి చదువును అందరికీ మందుగా చెప్పేవారు ఈ సంగతి మర్చిపోతారు. ‘మరి పిల్లలు నలుగురితో కలవద్దా?’ అనే ఆక్షేపణ మాత్రం నాకు అంత గట్టిదిగా అనిపించదు. లక్షల ఫీజుల బడిలో కలిసేది ఆ ఫీజు కట్టగలిగినవాళ్ళ పిల్లలే. కాకపోతే ఇంటి చదువు ఆ నలుగుర్ని కూడా తగ్గిస్తుంది. మునిసిపల్ పార్కులో, గ్రంథాలయంలో, వీధిలో రకరకాల ఇళ్ళ పిల్లలతో ఆడే వీలు తల్లిదండ్రులు పనిగట్టుకుని కల్పించాలి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మాట ఆలస్యం, చూపు, వినికిడి లాంటి తేడాలను బడిలో టీచర్లు ముందు పట్టుకుంటారు, ఇంట్లో ప్రేమ వల్ల అవి కనబడవు. పిల్లల డాక్టరుకు ఏటా చూపించడం మానొద్దు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాలూ ఉన్నాయి.

ఎన్నేళ్ళు? నన్నడిగితే మూడో తరగతి వయసు దాకా. విద్యాహక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం ఎప్పుడు వచ్చినా వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, కాబట్టి వెనక్కి వెళ్ళే దారి మూసుకుపోదు. పాత బడి ఇచ్చే రికార్డు షీట్ లేదని ప్రైవేటు బడి గునుస్తుంది, దగ్గర్లోని ప్రభుత్వ బడిలో ఆ బాధ తక్కువ. ఆ తర్వాత కూడా ఇంట్లోనే అంటే పదో తరగతి రాయడానికి జాతీయ ఓపెన్ స్కూలు, రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం ఉన్నాయి, 14 ఏళ్ళు నిండాలి. కానీ మన రాష్ట్రంలో ఉద్యోగానికైనా, కౌన్సెలింగ్‌కైనా స్థానికత తేల్చడానికి స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు, చాలాచోట్ల నాలుగో తరగతి నుంచి మొదలుపెట్టి. బడిలో చదవనివారు వాటి బదులు తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం పెట్టాలి. దారి ఉంది, తిరగడమూ ఉంది. అందుకే ఎనిమిదేళ్ళు నిండే ఏడాది ఉగాదికి ఇద్దరూ మళ్ళీ కూర్చుని, ఆ వారం కాగితాన్ని కొత్తగా రాసి, జూన్ 12న బడులు తెరిచేలోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి. పిల్లను కూడా అడగాలి, అప్పటికి చెప్పగలిగే వయసే.