వదిలిన పిల్లల లెక్క సరే, వాటికి పుట్టిన పిల్లల లెక్క ఏది?

వానలు పడి జలాశయాలు నిండగానే ఏటా పేపర్లో ఒక ఫొటో వస్తుంది. గట్టు మీద టెంటు, ఒడ్డున నాయకులు, వాళ్ల చేతుల్లో ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచులు, వాటిలోంచి నీళ్లలోకి జారుతున్న వేలెడంత చేప పిల్లలు. కింద వార్తలో ఒకటే అంకె ఉంటుంది, ఇన్ని లక్షల పిల్లల్ని వదిలారని. నిరుడు వదిలినవి ఏమయ్యాయని అడిగితే "మత్స్యకారులు పట్టుకున్నారు" అంటారు. జలాశయం వరకు అది సరైన జవాబే. అక్కడ పెంచేది పట్టుకోవడానికే.

కానీ ఇప్పుడు ఇదే పని నదుల్లోనూ చేస్తున్నాం. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో 'రివర్ రాంచింగ్' పేరుతో దానికి ప్రత్యేకంగా చోటు ఉంది. నదిలో తగ్గిపోయిన చేప సంతతి మళ్లీ పెరగాలన్నది అక్కడి లక్ష్యం. అలాంటప్పుడు సంచుల లెక్క దేనికీ పనికిరాదు. వదిలిన పిల్ల పెద్దదైందా, వరదకు ఎదురెక్కి గుడ్లు పెట్టిందా, ఆ గుడ్లలోంచి వచ్చినవి బతికి మళ్లీ గుడ్లు పెట్టాయా అన్నది చూడాలి. అంటే లెక్కపెట్టాల్సింది మనవల్ని. ఆ లెక్క వేసినచోట తేలిన సంగతులు, ఈ పిల్లల్ని పుట్టించి పెంచే హేచరీలకు అంత అనుకూలంగా లేవు.

అందరూ ముందుగా చెప్పుకునేది అమెరికాలో ఆరిగన్ రాష్ట్రంలోని హుడ్ నది గురించి. అక్కడ స్టీల్‌హెడ్ అనే ట్రౌట్ ఉంటుంది. నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ పుట్టిన ఏటికే వస్తుంది. ఆ నది మీద పవర్‌డేల్ అనే డ్యామ్ ఉండేది, 2010లో తీసేశారు. అది ఉన్నన్నాళ్లూ పైకి వెళ్లాలంటే ప్రతి చేపా ఆ డ్యామ్ దగ్గరి ట్రాప్‌లోంచే వెళ్లాల్సి వచ్చేది. 1990ల మొదటినుంచి అక్కడ ఒక్కో చేప పొలుసులు తీసి దాచిపెట్టారు. ఆ పొలుసుల్లోని డీఎన్‌ఏతో అరాకి, కూపర్, బ్లౌయిన్ అనే శాస్త్రవేత్తలు నదిలోని చేపలకు వంశవృక్షాలు గీశారు. ఏ చేప తల్లి ఎవరు, తండ్రి ఎవరు, వాళ్లు హేచరీలో పుట్టారా, నదిలో పుట్టారా అన్నది తెలిసిపోయింది. ఊహతో పనిలేకుండా, తిరిగొచ్చిన సంతానాన్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టిన పరిశోధన ఇది.

2007లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఫలితం చాలామందిని ఉలిక్కిపడేలా చేసింది. హేచరీలో గడిపిన ఒక్కో తరానికి, నదిలో సంతానం కనే సామర్థ్యం దాదాపు 40 శాతం చొప్పున పడిపోయింది. రెండేళ్లకు అదే బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. తల్లీ తండ్రీ ఇద్దరూ హేచరీవే అయి, తాను మాత్రం నదిలోనే పుట్టిన చేప ఉంటుంది కదా, అది హేచరీ గడప తొక్కినదే కాదు. అయినా నది చేపల బిడ్డలతో పోలిస్తే దాని సంతానం 37 శాతమే. తల్లిదండ్రుల్లో ఒకరే హేచరీది అయితే 87 శాతం. అంటే లోపం కేవలం పెంపకంలో లేదు. పెంపకమే కారణమైతే నదిలో పుట్టిన బిడ్డతో ఆ కథ ముగిసిపోవాలి. అది రక్తంలోకి దిగింది.

ఎలా దిగిందో అర్థం కావడానికి 2012లో వచ్చిన పరిశోధన చూడాలి. ఇదీ ఆ నది చేపల మీదే. క్రిస్టీ, ఆయన సహచరులు హేచరీలోనే గుడ్లు తీయించి చూస్తే, ఒక తరం హేచరీలో గడిపిన చేపలు అక్కడ నది చేపల కంటే దాదాపు రెట్టింపు సంతానాన్నిచ్చాయి. హేచరీలో ఏ తల్లిదండ్రులు బాగా రాణించాయో, వాటి పిల్లలే నదిలో అందరికంటే వెనకబడ్డాయి. ఒక్క తరంలోనే ఇంత మార్పు. మన పెద్దలు స్థానబలం అనేది దీన్నే. తొట్టెలో గెలిచే గుణం వేరు, వరదలో గెలిచే గుణం వేరు. నదిలో పెట్టిన గుడ్లలో ఏ కొద్దో మాత్రమే పెద్ద చేపలవుతాయి. ఆ కొద్దిటిని ఏరేది పాము, కొంగ, మురికినీరు, ఆకలి, నీటి వేగం. హేచరీలో ఆ వడపోత అంతా ఆపేసి, ఇరుకులో తట్టుకున్నవాటికి, మేతకు ముందు ఎగబడినవాటికి పట్టం కడతాం. 2016లో ఇదే బృందం ఒక తరం తేడా ఉన్న చేపల్లో 723 జన్యువుల పనితీరు మారిందని గుర్తించింది. వాటిలో చాలా వరకు గాయాలు మానడం, రోగనిరోధక శక్తి, జీవక్రియలకు సంబంధించినవి. వేల చేపల్ని ఒక తొట్టెలో కుక్కితే ఏమవుతుందో ఆలోచించండి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, కొరుక్కుంటాయి. ఆ జన్యువులే మారడంలో ఆశ్చర్యం లేదు.

ఇక మన సంగతి. స్టీల్‌హెడ్ అంకెల్ని తెచ్చి శీలావతికి అంటించడం తప్పు. ఈ రెండింటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది, అది మనకే ప్రతికూలం. స్టీల్‌హెడ్ పిల్ల హేచరీలో దాదాపు ఏడాది ఉంటుంది, కానీ దాని తల్లో అమ్మమ్మో నది చేపే. మన శీలావతి, బొచ్చె, మోసు పిల్లలు హేచరీలో ఉండేది కొద్ది వారాలే. కానీ వాటి తల్లి చెరువుదే, అమ్మమ్మ చెరువుదే, ముత్తవ్వ కూడా చెరువుదే. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి చేపతో గుడ్లు పెట్టించారు. అందుకే ఆ తేదీన జాతీయ మత్స్య రైతుల దినోత్సవం జరుపుకుంటున్నాం. అంతకుముందు రైతుకు పిల్లలు కావాలంటే వరద నీళ్లలో వల వేసి పట్టుకోవాల్సిందే, ఎందుకంటే ఈ చేపలు నిలవ నీళ్లలో వాటంతట అవి గుడ్లు పెట్టవు. కొల్లేరు చుట్టూ ఇవాళ ఉన్న చేపల చెరువులన్నీ ఆ ఇంజెక్షన్ పుణ్యమే. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. కానీ రెండు మూడేళ్లకు ఒక తరం అనుకున్నా, అప్పటినుంచి ఎన్ని తరాలు చెరువులోనే గడిచాయో వేళ్ల మీద లెక్కపెట్టలేం.

హేచరీలో ఒక సాయంత్రం ఏం జరుగుతుందో చూస్తే సమస్య మూలం కనిపిస్తుంది. వల లాగి తల్లి చేపల్ని దగ్గరకు తెస్తారు. పొట్ట ఉబ్బి, ముట్టుకుంటే మెత్తగా ఉన్న ఆడచేపల్ని, పొట్ట కాస్త నొక్కగానే పాలలాంటి ద్రవం వదిలే మగచేపల్ని ఏరుతారు. రెక్క మొదట్లో ఇంజెక్షన్ ఇచ్చి, నీళ్లు గుండ్రంగా తిరిగే సిమెంటు తొట్టెలో వదులుతారు. తెల్లారేసరికి తొట్టె నిండా గుడ్లు. కిలో బరువుకు ఒక తల్లి లక్షకు పైగానే గుడ్లు పెడుతుంది, రెండు మూడు లక్షలు కూడా పెట్టొచ్చు. ఆర్డర్ పది లక్షల పిల్లలకైతే ఎన్ని తల్లులు కావాలి? చాలా కొద్ది. ఆ రోజు పొట్ట ఉబ్బనివి, ఇంజెక్షన్‌కు లొంగనివి పక్కకు పోతాయి. మళ్లీ వచ్చే ఏటికి తల్లి చేపలుగా ఉంచేది కూడా ఆ ఫారంలో పుట్టినవాటినే. అన్నాచెల్లెళ్లు కలిసే అవకాశం ఎంతో వేరే చెప్పాలా? 1990లోనే ఎక్నాథ్, డోయల్ కర్ణాటక హేచరీల మీద పరిశోధన చేసి, దగ్గరి బంధువుల మధ్య సంతానం పుట్టే రేటు 2 నుంచి 17 శాతం దాకా ఉందని చెప్పారు. ఈ పనిలో ఉన్నవాళ్లకు ఇది పాత వార్త. 'సీడు బాగోలేదు, ఎదగట్లేదు' అని రైతు విసుక్కోవడం వెనుక ఇదీ ఒక కారణం.

చెరువుకైతే దీనికి మందు ఉంది. భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పెంపకం పరిశోధన సంస్థ సిఫా, నార్వే సహకారంతో, నదుల నుంచి తెచ్చిన రకాల్ని కలిపి, తరతరానికీ ఏరి, 'జయంతి రోహు' అనే శీలావతి రకాన్ని తయారు చేసింది. త్వరగా ఎదుగుతుంది, రైతుకు లాభం. అయితే దాన్ని ఏరింది చెరువులో ఎదుగుదల కోసం. రంధ్రాలు పొడిచిన బస్తాలో తవుడు నింపి కర్రకు కడితే చుట్టూ మూగే చేప అది. నదిలో తవుడు బస్తా ఉండదు.

విశాఖ వాళ్లకు ఈ తేడా కొత్తగా చెప్పక్కర్లేదు. భీమిలి తీరం వెంట రొయ్యల హేచరీలు వచ్చిన రోజుల్లో టైగర్ రొయ్య రాజ్యం ఏలింది. అప్పుడు ఆ వ్యాపారమంతా సముద్రం నుంచి పట్టి తెచ్చే తల్లి రొయ్య మీదే నడిచింది. చెరువులో పెంచిన ఆడ రొయ్య ఎంత బలిసినా గుడ్ల దగ్గర సముద్రపు తల్లికి సరితూగదని వ్యాపారం చేసేవాళ్లందరికీ తెలుసు. కాబట్టే బతికున్న తల్లి రొయ్యకు అంత గిరాకీ. తర్వాత తెల్లమచ్చ వైరస్ వచ్చి, సముద్రపు తల్లి తనతో రోగాన్నీ తెస్తుందని తేలింది. 2009 తర్వాత వనామీ అనే వేరే జాతి రొయ్య వచ్చింది. దాని తల్లులు తరతరాలుగా ట్యాంకుల్లో, రోగాలు సోకకుండా పెరిగినవి. చెరువుకు అవే నయం. అలాగని వనామీ పిల్లల్ని సముద్రంలో పోసి తీరంలో రొయ్యల సంతతి పెంచుదామని ఎవరూ అనరు కదా. రొయ్య దగ్గర ఇంత తెలివిగా ఉన్నవాళ్లం, చేప దగ్గరకొచ్చేసరికి చెరువు సరుకును ఏట్లో పోసి చేతులు దులుపుకుంటున్నాం.

పోసినవి బతక్కపోతే డబ్బే కదా పోయేది, నదికి వచ్చిన నష్టమేంటని వాదించేవాళ్లున్నారు. బతికితేనే అసలు చిక్కు. 1991లో రైమన్, లైక్రె అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని లెక్కగట్టి చూపించారు. కొద్ది జతల సంతానాన్ని లక్షల్లో తెచ్చి నదిలో కలిపితే, చేపల సంఖ్య పెరుగుతుంది, కానీ మొత్తం సంతతిలోని వైవిధ్యం తగ్గిపోవచ్చు. పైకి నది నిండుగా కనిపిస్తుంది, లోపల సగం చేపలు ఒకే ఇంటివి. ఆ తర్వాత ఏదైనా రోగమో, ఎండో వస్తే అన్నీ ఒకేలా కుప్పకూలతాయి.

ఎదురు ఉదాహరణ లేకపోలేదు, దాన్ని దాచడం న్యాయం కాదు. అమెరికాలోనే ఐడహో రాష్ట్రంలో జాన్సన్ క్రీక్ అనే ఏరుంది. నెజ్ పెర్స్ అనే ఆదివాసీ తెగ అక్కడ చినూక్ సాల్మన్‌ను కాపాడే పని చేపట్టింది. వాళ్లు ప్రతి ఏడాదీ ఆ ఏటిలో పుట్టిన చేపల్నే తల్లిదండ్రులుగా తీసుకున్నారు, హేచరీలో పుట్టినవాటిని మళ్లీ హేచరీకి వాడలేదు. 2012లో వచ్చిన ఫలితాల ప్రకారం సంతతి పెరిగింది, హేచరీ చేపలు నది చేపలతో జతకట్టినప్పుడు సంతానంలో చెప్పుకోదగ్గ లోటు కనిపించలేదు. స్టీల్‌హెడ్‌కూ చినూక్‌కూ తేడా ఉండొచ్చు. అయితే 2014లో ఇలాంటి పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు సగటున హేచరీ చేప సంతానం నది చేప సంతానంలో సగమే అని తేలింది. కాబట్టి జాన్సన్ క్రీక్ ఫలితాన్ని మినహాయింపుగానే చూడాలి. ఆ మినహాయింపు దక్కింది బహుశా నియమం కఠినంగా పాటించినందుకు. మోంటానా రాష్ట్రమైతే 1974లో ఇంకో దారి పట్టింది. సొంత ట్రౌట్ సంతతి ఉన్న నదుల్లో హేచరీ చేపల్ని వదలడమే మానేసింది. మాడిసన్ నదిలో వదలడం ఆపినచోట సొంత చేపలు పెరగడం చూశాకే ఆ నిర్ణయం తీసుకుంది.

మన విశాఖ దగ్గరకొస్తే తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ జలాశయాల మీద నాకు పేచీ లేదు. అక్కడ పిల్లల్ని వదలాలి, పెరిగాక పట్టాలి, మత్స్యకారులకు నాలుగు డబ్బులు రావాలి. మన ఇళ్లకు తాగునీరిచ్చే చెరువుల్లాంటివే అవి. వదిలిన పిల్లలకు ఎన్ని కిలోలు దిగుబడి వచ్చిందన్నదే అక్కడ చూడాల్సిన లెక్క. గోస్తని, శారద నదుల సంగతి అలా కాదు. వాటిలో పరిగెలు, జెల్లలు, బొమ్మిడాయిలు, కొరమీనులు ఎవరూ సంచుల్లో తెచ్చి పోయకుండానే తరాలుగా పుట్టి పెరుగుతున్నాయి. వాటికి కావాల్సింది పిల్లలు కాదు. తొలి వానలకు పైకెక్కడానికి దారి, గుడ్లు నిలవడానికి కాస్త ఇసుక, గడ్డి. ఇసుక తోడేసి, ఆనకట్టకు దారి వదలకుండా, శీలావతి పిల్లల్ని పోస్తే ఏరు బాగుపడుతుందని అనుకోవడం నాకు అర్థం కాని సంగతి.

నిజంగానే ఒక నదిలో ఒక జాతి అంతరించే దశకొస్తే, హేచరీ తప్పదు. అప్పుడు ఏ నదికి ఆ నది తల్లుల్నే తేవాలి, ప్రతి ఏడాదీ కొత్తవి తేవాలి, జతలు పదుల్లో ఉండాలి. వాడిన ప్రతి తల్లిదీ తండ్రిదీ చిన్న రెక్క ముక్క కత్తిరించి స్పిరిట్ సీసాలో దాచాలి. రెండు మూడేళ్లయ్యాక, నదిలో వలకు పడ్డ చేపల రెక్క ముక్కలు మత్స్యకారుల దగ్గర కొని పోల్చి చూడాలి. వదిలినవి ఎన్ని బతికాయి, వాటి పిల్లలు ఎన్ని అన్నది అప్పుడు తేలుతుంది. హుడ్ నదిలో జరిగింది కూడా ఇంతే. ఆంధ్రా యూనివర్సిటీలో జువాలజీ, మెరైన్ లివింగ్ రిసోర్సెస్ విభాగాలున్న నగరం ఇది. ఇలాంటి పని మనవల్ల కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

వీటన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. తొలి వరదకు ఎదురెక్కే జన చేపను, అంటే గుడ్లతో ఉన్న చేపను, ఆనకట్ట కిందే వలేసి పట్టేస్తున్నాం. పొట్టనిండా జనతో ఉన్న ఆ చేప నదిలో నెగ్గుకొచ్చిన చేప, దాన్ని వండుకుని, వందల కిలోమీటర్ల అవతలి చెరువు చేప పిల్లల్ని కొనుక్కొస్తున్నాం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం ఉంది, ఆ కాలానికి మత్స్యకారులకు భృతి ఇస్తున్నారు. ఏట్లో అంతకాలం అక్కర్లేదు, వరద మొదలైన కొన్ని వారాలు చాలు. అయితే ఇక్కడా భృతి ఇవ్వాల్సిందే. ఇవ్వకుండా బోర్డు మాత్రం పెడితే, పని దొరకని వారంలో ఎదురుగా జన చేప కనిపించినప్పుడు ఎవరూ దాన్ని వదిలిపెట్టరు.